మరీ శుభ్రంగా వచ్చిన క్యారేజీ

ఆ రోజు కూడా మా ఆయన క్యారేజీ కడిగే వచ్చింది. అడుగు గిన్నెలో ఒక్క గింజ లేదు, మూత అంచున జిడ్డు లేదు. గిన్నె వెనక్కి తిప్పితే అందులో నా ముఖం కనిపించింది. ఆ ముఖం నిండా అనుమానమే.

పెళ్లయిన కొత్త. నాకన్నీ సంబరంగానే ఉండేవి. ఒకే గ్లాసులో భుజాలు ఆనించుకుని నిలబడ్డ రెండు బ్రష్షులు చూసినా సంబరమే, తలుపు గొళ్లెం ఆయన తీస్తే ఒకలాగా, గాలికి కొట్టుకుంటే ఒకలాగా మోగుతుందని కనిపెట్టినా సంబరమే. కానీ ఇంట్లో తాగిన కాఫీ కప్పు సింకు దాకా చేర్చడం ఇంకా నేర్చుకుంటున్న మనిషి, పనిచేసే చోట క్యారేజీ తోమి తళతళలాడించి తేవడం సంబరపడే విషయం కాదు. అక్కడేదో ఉంది.

మా ఆయన ఎత్తైన భవనాల అద్దాలు కడుగుతాడు. డాబా మీది నుంచి తాళ్లకు వేలాడే ఇనుప తొట్టిలో నిలబడి, ఒక్కో అంతస్తే దిగుతూ తుడుస్తాడు. పనివాళ్లు ఆ తొట్టిని ఉయ్యాల అంటారు. మా పెళ్లి కుదిర్చింది ఆ ఉయ్యాలే. నేను పిల్లల సైన్సు పుస్తకాలకు బొమ్మలు గీసే ఆఫీసులో పనిచేస్తాను, నా బల్ల కిటికీ పక్కనే. ఒకరోజు కప్ప గుండె గీస్తూ తలెత్తితే, అద్దం అవతల సబ్బు నురగలో ఎవరో రెండు కళ్లూ ముక్కూ గీసి నాకేసి నవ్వుతున్నారు. నేనో కాగితం మీద 'ముక్కు వంకర' అని రాసి చూపించాను. పాపం, తుడిచి మళ్లీ గీశాడు. ఇంకా వంకరగా వచ్చింది. ఆ తర్వాత భవనం మొత్తంలో నా కిటికీ ఒక్కటే ఎందుకో తెగ మురికి పట్టేది.

ఉయ్యాలకు ఒక గుణముంది. మోయాల్సిన బరువు మించితే చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది, అంగుళం కదలదు. ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల డ్రమ్ము, అంతవరకే దానికి సమ్మతం. మా ఆయన మొదటి నుంచీ పుష్టిగా ఉండే మనిషే. ఆయన జోడీ మాత్రం అందరూ అగ్గిపుల్ల అని పిలిచే ఒక పెద్దాయన. నలభై దాటాయి, పెళ్లి కాలేదు, ఏదో గదిలో ఒంటరిగా ఉంటాడు. గాలి గట్టిగా వీస్తే ఒక చేత్తో అద్దం తుడుస్తూ ఇంకో చేత్తో ఆయన్ని పట్టుకోవాలని మా ఆయన హాస్యం. ఒకరు లావు, ఒకరు సన్నం, రెండూ కలిసి సరిపోయేది. పైన డాబా మీద తాళ్ల మిషన్ నడపడానికి మూడో మనిషి, మీసాలాయన. మీసాలు తీసేస్తే ఆయనలో బరువనేదే మిగలదు.

మా పెళ్లయిన కొన్నాళ్లకే ఉయ్యాల కూయడం మొదలుపెట్టింది.

"ఏం పెళ్లికొడుకా, అత్తారింటి విందులన్నీ తెచ్చి నా ఉయ్యాల్లో కూర్చోబెట్టావా?" అన్నాడట సూపర్‌వైజర్. అందరూ నవ్వారట. అక్కడితో ఆగలేదు. నెలాఖరుకు భద్రత చూసే ఆఫీసరు వస్తాడనీ, నిండు డ్రమ్ముతో ఉయ్యాల కూయకుండా దిగాలనీ, కూసిందా, మా ఆయన్ని నేలమాళిగలో తివాచీలు ఉతికే గదికి పంపేస్తాననీ చెప్పాడు.

ఈ మాట మా ఆయన నవ్వుతూనే చెప్పాడు కానీ కాఫీ సగంలో వదిలేశాడు. నేలమాళిగకు కిటికీలుండవు. నా కిటికీ బయట ఇంకెవరో నిలబడి నురగ తుడుస్తారు. వాళ్లు ముక్కు ఎంత చక్కగా గీస్తే నాకేం?

మొదట ఆయనే పస్తులు మొదలుపెట్టాడు. పొద్దున టీ, మధ్యాహ్నం ఒక్క అరటిపండు. సాయంత్రం నేను వచ్చేసరికి అలమర ముందు నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, బిస్కెట్ ప్యాకెట్ మొత్తం ఖాళీ చేస్తున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నిజంగానే కళ్లు మూసుకున్నాడు.

"ఇలా కాదండీ, కడుపు నింపే బరువు తగ్గించాలి" అన్నాను.

అప్పుడు నేను ఆఫీసులో గీస్తున్నది జీర్ణాశయమే. దాన్ని రోజూ చూసి చూసి నాకొక విషయం అర్థమైంది. కడుపు సంచీలాంటిది. సంచీ నిండిందా లేదా అన్నదే దాని మొదటి ప్రశ్న. నూనెలో వేగిన గుప్పెడు వేరుశెనగ పలుకులు వేస్తే, వచ్చిందే తెలియనట్టు ఇంకా ఏదీ అంటుంది. పెద్ద గిన్నెడు కూరగాయల సూప్ పోస్తే కాసేపు కిక్కురుమనదు.

ఇక సరుకుల కొట్టుకు వెళితే నా కళ్లకు అంతా దొంగలే కనిపించారు. ఉబ్బిన చిరుతిళ్ల ప్యాకెట్టు చూడ్డానికి బస్తా, నోట్లో వేసుకుంటే గాలి. పళ్లరసం సీసా మీద నిగనిగలాడే పళ్ల బొమ్మ ఉంటుంది. బొమ్మలు గీసేదాన్ని, బొమ్మను నేను నమ్ముతానా? పండైతే కొరకాలి, నమలాలి, దవడ నొప్పి పుట్టాలి, అప్పుడు కదా కడుపుకు కబురందేది! 'తేలిక' అని రాసున్న బిస్కెట్ల వెనక చిన్న అక్షరాలు చదివి, అక్కడే అరలో తలకిందులుగా పెట్టేసి వచ్చాను.

చివరికి నా పరీక్షలో నెగ్గినవి చాలా మామూలువి. తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు. వేయిస్తే దొంగల్లో కలిసిపోయే ఈ దుంప, ఉడకేస్తే మాత్రం ఎంత పెద్దమనిషో! నిమ్మరసం పిండిన బీన్స్ గింజలు, గుడ్లు, గరిటె నిలబడేంత చిక్కటి ఓట్స్ జావ, క్యాబేజీ, యాపిల్. భోజనానికి ముందు తప్పనిసరిగా సూప్. ఇవన్నీ కలిపి చూస్తే పళ్లెం కొండలా కనిపించేది. కొండను చూసి మా ఆయన కళ్లు మెరిసేవి, సగంలోనే "అబ్బ, చాలోయ్" అనేవాడు. ఆ 'అబ్బ' వినడానికి నేను గరిటె పట్టుకుని పక్కనే నిలబడేదాన్ని.

మా పిన్ని పెళ్లికి ఇచ్చిన బరువు మిషన్ మీద ముల్లు మెల్లగా వెనక్కి జరగసాగింది. జరిగినప్పుడల్లా ఆయన దాని మీదే చిన్న గంతు వేసేవాడు. ముల్లు గాభరాపడి అటూ ఇటూ ఊగేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

ఉయ్యాల మాత్రం నవ్వలేదు.

"ఈ రోజు?" అని అడిగేదాన్ని గుమ్మంలోనే.

"కూసింది."

"ఎంత గట్టిగా?"

"కూత కూతే కదోయ్. మొహమాటపడి మెల్లగా కూస్తుందా?"

మిషన్ తగ్గాడంటుంది, ఉయ్యాల తగ్గలేదంటుంది. రెండిట్లో ఒకటి అబద్ధమాడాలి. ముందు మిషన్‌నే అనుమానించాను. బియ్యం సంచీ పెట్టి చూశాను, సంచీ మీద రాసినంతే చూపించింది. అది నిజాయితీ గలదే. అయితే మా ఆయన ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడేమోనని తలుపు సందులోంచి చూశాను. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, ముల్లుకు దణ్ణం పెడుతున్నాడు.

ఇదిగో, అప్పుడే క్యారేజీ కడిగి రావడం మొదలైంది.

"సరిపోయిందా?" అని అడిగితే, "ఖాళీ అయిపోయింది" అంటాడు పైకప్పుకేసి చూస్తూ. తిన్నానని మాత్రం అనడు. ఖాళీ అయిందంటే ఇంకా ఆకలేస్తోందని కదా! ఆకలేస్తే బయట ఏదో తింటాడు. అందుకని మర్నాడు ఇంకో దుంప, ఇంకో గుడ్డు, ఇంకో గరిటెడు బీన్స్ పెట్టాను. అదీ ఖాళీయే. క్యారేజీకి ఇంకో గిన్నె తగిలించాను. అదీ తళతళలాడుతూ వచ్చింది. పైగా ఒక సాయంత్రం ఆయన చొక్కాలోంచి వెన్న వాసన, సంచీ అడుగున మెత్తటి బన్ను పొడి.

నిప్పు లేనిదే పొగ రాదు. ఈ పొగ ఏ పొయ్యి నుంచి వస్తోందో నాకు తెలుసు. మా వీధి చివర బేకరీ మా వదినది, అంటే మా ఆయన అక్కది. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది ఆవిడే, తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే ఓవెన్ తలుపు దఢాలున వేసేది. తమ్ముడు ఆకలితో ఉంటే ఊరుకునే మనిషి కాదు.

ఆఫీసు నుంచి నేరుగా బేకరీకి వెళ్లాను. వదిన గల్లా వెనక కూర్చుని ఏదో కుడుతోంది.

"రా మరదలా. ముఖమేంటి అలా వేలాడేశావ్? నువ్వు కూడా ఉడకేసిన క్యాబేజీయే తింటున్నావా?"

"మీ తమ్ముడు ఇటు వస్తున్నారా వదినా?"

"వస్తాడు, పోతాడు. షాపు ముందు రోడ్డుంది. రోడ్డు మీద నడవడానికి కూడా నీ దగ్గర చీటీ రాయించుకోవాలా?"

"బన్నులు తింటున్నారా అని."

వదిన సూది ఆపింది. "ఈ నెల్లో నా చేత్తో నీ మొగుడికి చిటికెడు ముక్క పెట్టుంటే, ఈ చెయ్యి ఓవెన్లో కాలిపోనీ. చాలా?"

నా కళ్లలోకి చూస్తూనే అంది. నమ్మేదాన్నే. కానీ ఆ మాట అంటూనే ఒళ్లోని గుడ్డను మెల్లగా గల్లా కిందికి తోసింది. తోసేలోపే చూశాను. నీలం యూనిఫాం. జేబు మీద మా ఆయన కంపెనీ ముద్ర. పక్క కుట్లు విప్పి, నడుము దగ్గర అరచేతి వెడల్పు కొత్త గుడ్డ అతుకుతోంది.

"అదేంటి వదినా?"

"గుడ్డ."

"ఎవరిది?"

"వేసుకునేవాళ్లది. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? పో, ఇంటికెళ్లి మీ ఆయనకు దుంపలు ఉడకెయ్యి."

ఇంటికి వచ్చి, మేకుకు వేలాడుతున్న మా ఆయన యూనిఫాం దించి చూశాను. నడుము దగ్గర వదులై, పిన్నీసు పెట్టి బిగించుకున్నాడు. ఇంకెవరైనా అయితే ఊపిరి పీల్చుకునేవాళ్లు. నేను మాత్రం, ఇది నాకు చూపించడానికి పెట్టుకున్నది, అసలు నడుముది అక్క దగ్గరుంది అనుకున్నాను. అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక అన్నం కూడా పెట్టమంటుంది.

"ఏమోయ్, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు ఆయన, నా చేతిలో యూనిఫాం చూసి.

"మీ మీద ఉందండీ. మీ క్యారేజీ మీదే లేదు."

ఆయనకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నీళ్లిచ్చాను. తాగి, పైకప్పు చూశాడు.

మర్నాడు తనిఖీకి ముందురోజు. వాళ్లు మా ఆఫీసు భవనం మీదే పనిచేస్తున్నారు. నేను బరువు మిషన్‌ను గుడ్డసంచీలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లాను.

"లంచ్‌కి ఏం తెచ్చావే, రాతిపలకా?" అంది పక్క బల్ల అమ్మాయి.

"దొంగను పట్టే వల" అన్నాను.

భోజనాల వేళ సంచీ చంకన పెట్టుకుని వెనక మెట్లెక్కి డాబా మీదికి వెళ్లి, నీళ్ల ట్యాంకు వెనక నక్కాను. ఉయ్యాల డాబా అంచున ఆగి ఉంది. మీసాలాయన తాళ్ల మిషన్‌కు ఆనుకుని కునుకుతున్నాడు. నీడలో మా ఆయన, అగ్గిపుల్లన్న ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో నా క్యారేజీ.

మా ఆయన సూప్ తాగాడు. ఒక దుంప, ఒక గుడ్డు, కాసిని బీన్స్ గింజలు తిన్నాడు. తర్వాత వెనక్కి వాలి, నాకు ఎంతో ఇష్టమైన ఆ 'అబ్బ' అన్నాడు. "ఇంక ఒక్క గింజ పట్టదన్నా. ఇక నీదే."

అగ్గిపుల్లన్న జేబురుమాలు తీసి ఒళ్లో పరుచుకున్నాడు. పెళ్లిపందిట్లో కూర్చున్నంత పద్ధతిగా గిన్నెలన్నీ తన ముందుకు జరుపుకుని, మొదటి ముద్దకు కళ్లు మూసుకున్నాడు. "ఈ గింజల్లో చెల్లెమ్మ ఏదో వేస్తుందయ్యా."

"నిమ్మరసం."

"ఊరికే నిమ్మరసమేనా? ఇంత కమ్మగా?"

అన్నీ తిన్నాడు. క్యాబేజీ కూడా. తర్వాత జేబులోంచి కాగితం పొట్లం విప్పి వెన్న బన్ను తీశాడు. మా ఆయన ముందుకు వంగి, ముక్కుతో ఒక్కసారి గట్టిగా వాసన పీల్చి, మళ్లీ వెనక్కి వాలాడు. బన్ను పొడి పక్కనే తెరిచి ఉన్న మా ఆయన సంచీలో రాలింది. చివర్లో అగ్గిపుల్లన్న గిన్నెలన్నీ కుళాయి కింద సబ్బుతో కడిగి, అద్దాలు తుడిచే రబ్బరు వైపర్‌తో ఒక్కో గిన్నెనూ లాగి ఆరబెట్టాడు. నా ముఖం అంత స్పష్టంగా ఎందుకు కనిపించేదో అప్పుడు తెలిసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. అగ్గిపుల్ల అనడానికి ఇక వీల్లేదు. యూనిఫాం బొత్తాలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి.

నేను ట్యాంకు వెనక నుంచి బయటికి వచ్చాను.

మా ఆయన తేలు కుట్టిన దొంగలా క్యారేజీ మూతకేసే చూశాడు. అగ్గిపుల్లన్న వైపర్‌ను వీపు వెనక దాచుకున్నాడు, అదేదో దొంగసొత్తయినట్టు.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"నువ్వు దుంపలు మొదలెట్టినప్పటి నుంచి" అన్నాడు మా ఆయన. "సగానికే నిండిపోతోందోయ్. మిగిల్చి తెస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని. అన్నకేమో గదిలో పొయ్యి కూడా లేదు. రోజూ ఒక్క టీ, ఒక్క బన్నుతో గడిపేవాడు. పెట్టి చూశా. ఎలా తిన్నాడో తెలుసా!"

"నేను చూశాను" అన్నాను.

సంచీలోంచి మిషన్ తీసి నేల మీద పెట్టాను. మా ఆయన ఎక్కాడు, ముల్లు ఇంట్లో చూపిన చోటే నిలబడింది. "అన్నయ్యా, మీరు."

"నాదెందుకు చెల్లెమ్మా, నేనెప్పుడూ ఇంతేగా" అంటూ ఎక్కాడు. ముల్లు పరిగెత్తింది. ఆయన వంగి చూసి, దిగి, మళ్లీ ఎక్కాడు. మళ్లీ అంతే.

మా ఆయన ఒంటి నుంచి నేను దించిన బరువంతా ఉయ్యాల దిగనేలేదు. పక్క మనిషి మీదికి జరిగి కూర్చుంది. క్యారేజీ ఖాళీగా వచ్చిందని నేను ఎక్కువ పెట్టే కొద్దీ ఈయన నిండుతూ వచ్చాడు. పుల్లను లావయ్యాడని ఎవరనుమానిస్తారు? కూత వినగానే అందరి చూపూ పెళ్లికొడుకు పొట్ట మీదికే పోయేది.

అప్పుడే సూపర్‌వైజర్ డాబా మీదికి వచ్చాడు. "ఏంటీ సభ? రేపు తనిఖీ పెట్టుకుని! పెళ్లికొడుకా, చివరిసారి చెబుతున్నా. నిండు డ్రమ్ముతో ఎక్కి చూపించు."

ఇద్దరూ ఎక్కారు. ఉయ్యాల కూసింది. మీసాలాయన ఉలిక్కిపడి లేచాడు.

"అయిపోయింది. రేపటి నుంచి నువ్వు కిందికి, తివాచీలకు."

నా చేతిలో బరువు మిషన్ ఉంది. ఒక్క మాట చాలు, మా ఆయన నా కిటికీకి దక్కుతాడు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. కళ్లు మూసుకుని నమిలిన ఆ మొదటి ముద్ద గుర్తొచ్చింది. దొంగను పట్టడానికి వచ్చి, నా బంగాళాదుంపల్నే పట్టుకున్నాను. ఆ మనిషిని నేలమాళిగకు తోసే నోరు నాకు రాలేదు. మా ఆయన కూడా డ్రమ్ము పట్టుకుని తల వంచుకున్నాడు.

"పెళ్లికొడుకు కాదు సార్, నేను" అన్నాడు అగ్గిపుల్లన్న. తనంతట తనే ఉయ్యాల దిగి, నా చేతిలోని మిషన్ తీసుకుని సూపర్‌వైజర్ ముందు పెట్టి, ఎక్కి నిలబడ్డాడు. "చెల్లెమ్మ చేతి వంట. తప్పు నాదే. తివాచీలకు నన్ను పంపండి."

సూపర్‌వైజర్ ముల్లును చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ముల్లును చూశాడు. "ఒరేయ్, నువ్వా! నిన్ను చూసి కాదురా నేను గాలివాన రోజు పని ఆపేది!"

నేను మీసాలాయనకేసి చూశాను. మీసాలు, వాటి వెనక కొంచెం మనిషి. "సార్, డాబా మీద మిషన్ నడిపే మనిషి బరువు ఉయ్యాలకు తెలుస్తుందా?"

"దానికేం తెలుస్తుందమ్మా? ఆయన నిలబడేది డాబా మీద..." అంటూ ఆగిపోయాడు.

"నేను ఉయ్యాల్లో దిగుతా సార్" అన్నాడు మీసాలాయన, అప్పటిదాకా ఇదే అడుగుతారని కాచుకున్నట్టు. "ఇక్కడ ఎండకు మీసాలు కూడా మాడిపోయాయి. తాళ్ల మిషన్ సంగతి అన్నకు తెలుసు. నాకు నేర్పిందే ఆయన."

మీసాలాయన ఎక్కాడు. పక్కన మా ఆయన, మధ్యలో నిండు డ్రమ్ము. మేమందరం చెవులు మూసుకున్నాం. ఉయ్యాల నోరెత్తలేదు.

మర్నాడు ఆఫీసరు ముందూ నోరెత్తలేదు. నా కిటికీ దగ్గర మాత్రం కాసేపు ఆగింది. మా ఆయన నురగలో వంకర ముక్కు గీసి, దానికి అటూ ఇటూ నిండు బుగ్గలు కూడా గీశాడు. నేను చిన్నపిల్లలా అద్దానికి అరచేయి ఆనించాను.

ఇప్పుడు రెండు క్యారేజీలు కడుతున్నాను. చిన్నది మా ఆయనకు, పెద్దది అన్నయ్యకు. రెండూ వైపర్‌తో లాగినంత శుభ్రంగా వస్తాయి, నేను తిప్పి చూడను.

కానీ నిన్న బొమ్మ గీస్తుంటే, కిటికీ బయట తాడుకు కట్టిన చిన్న బకెట్టు ఒకటి డాబాకేసి పైకి వెళ్లింది. అందులో వెన్న మరకల కాగితం పొట్లం, దాని కింద ఇస్త్రీ చేసి మడిచిన నీలం యూనిఫాం. కిందికి వంగి చూశాను. రోడ్డు మీద, పట్టపగలు షాపు వదిలి ఎక్కడికీ కదలని మా వదిన, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. తలకు కొత్త రుమాలు కట్టుకుంది.

ఈ నెల్లో నీ మొగుడికి పెట్టలేదంది. ఇంకెవరికీ పెట్టలేదని అన్లేదు.

ఉయ్యాల నా కిటికీ దాకా రాగానే కాగితం మీద 'మీ అక్కా, అగ్గిపుల్లన్నా జోడీనా?' అని పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించాను. మా ఆయన చదివాడు. తల ఎత్తి ఆకాశంకేసి చూశాడు. పైకప్పు లేని చోట అటే చూస్తాడు.